ఖాళీ గిన్నె పంపరాదు

మార్కాపురం బజారులో స్టీలు సామాన్ల దుకాణం నడిపే పుల్లారావుకు ఎవరికీ కాదు అని చెప్పడం చేతకాదు. బేరమాడేవాళ్లు నోరు తెరవకముందే మొహం చూసి ధర తగ్గిస్తాడు. పక్క దుకాణమాయన మెట్లకు అడ్డంగా బండి పెడితే, ఆ బండి చుట్టూ తిరిగి తన దుకాణంలోకి తానే దొంగలా దూరుతాడు. అటువంటి మనిషి, ఎండ ముదిరి బజారంతా కునుకు తీసే వేళ, గల్లాపెట్టె వెనక కుర్చీలో సర్దుకుని ఫోను తీశాడంటే చాలు, ఊళ్లకు ఊళ్లు తగలబడిపోతాయి.

అది కోటల ఆట. ఎవరి ఊరు వాళ్లు కట్టుకోవాలి. పొలాలు వేసుకుని, గాదెలు నింపుకుని, చుట్టూ గోడ లేపుకోవాలి. ఆపైన దారులు రెండు. సైన్యాన్ని పెంచి పక్క ఊరి మీద పడి గాదె ఊడ్చుకురావచ్చు. లేదంటే పక్క ఊరికి గింజలు పంపి మంచి చేసుకోవచ్చు. రెండో దారి పుల్లారావు కంటికి ఎన్నడూ ఆనలేదు. తను కాల్చే ఒక్కో కోటకూ మనసులో ఒక్కో పేరు పెట్టుకునేవాడు. మూత సొట్టబోయిందని వాడేసిన కుక్కరు తిరిగిచ్చిపోయిన మనిషి కోట ఒకటి. మెట్లకు అడ్డంగా నిలిచే బండి కోట ఇంకొకటి. అన్నీ బూడిదయ్యాక అతనికి హాయిగా ఆవలింత వచ్చేది. రోజు మొత్తంలో ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే, చోటు ఆ కుర్చీ ఒక్కటే.

ఆ కుర్చీకే ఇప్పుడు ముప్పు వచ్చింది.

గిద్దలూరులో ఉండే అత్తగారు రాజేశ్వరమ్మకు తన కొడుకు బ్రహ్మాన్ని అల్లుడి దుకాణంలో కూర్చోబెట్టాలని ఉంది. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. అల్లుడితో ఎదురుగా మాట్లాడే అలవాటే ఆమెకు లేదు. ఆయన వస్తే తలుపు చాటున నిలబడి, "అడగవే, ఇంకొంచెం నెయ్యి వేసుకుంటాడేమో" అని కూతురు పార్వతితోనే అనేది. మాటకు బదులు ఆమె క్యారియరు పంపేది. గిద్దలూరు నుంచి బయల్దేరే బస్సులో తెలిసిన డ్రైవరు చేతికిస్తే, భోజనం వేళకు మార్కాపురంలో దిగేది. గోంగూర పచ్చడి వచ్చిన రోజు ఫోనులో కూతురితో అనేది: "వానికి పని లేదని నేను అనడం లేదు." నువ్వుల ఉండలు వచ్చిన రోజు: "మీ ఆయన ఒక్కడే ఎంతని కష్టపడతాడు పాపం?" కాకరకాయ కారం వచ్చినప్పుడు ఏమీ అనలేదు. పుల్లారావుకు అన్నిటికన్నా భయం వేసింది ఆ రోజే.

బ్రహ్మం చెడ్డవాడు కాదు. నోరు మూసుకుంటే ముక్కుతోనైనా మాట్లాడే రకం. మొన్నొకసారి వారం రోజులుండి పోదామని వచ్చి, దుకాణంలో గిన్నె తిప్పి చూస్తున్న ఒకామెతో, "అడుగు పల్చన అక్కా, పాలు మాడతాయి, తీసుకోబాక" అన్నాడు. ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. తర్వాత బావ కుర్చీ పక్కన స్టూలు లాక్కుని, ఎండ ముదిరిన ఆ సమయమంతా గిద్దలూరు ముచ్చట్లు చెప్పాడు. ఆ రోజు ఒక్క కోటా కాలలేదు.

కొడుకు పోరు పడలేకనో, మోకాళ్ల నొప్పికి మందుగానో రాజేశ్వరమ్మ కూడా కోటల ఆటలోకి దిగింది. బ్రహ్మమే ఆమె ఫోనులో పెట్టి నేర్పించాడు. ఇంటి వసారాలో పడక కుర్చీ వేసుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని ఆడేది. ఒక్క సైనికుడు కూడా లేని ఊరు ఆమెది. అందరికీ గింజలు పంపేది. పొద్దున్నే పది ఊళ్ల వాళ్లు లేచి చూసుకుంటే, గుమ్మంలో గిద్దలూరు మూటలు.

ఒకరోజు క్యారియరులో బెల్లం పరమాన్నం వచ్చింది. "దసరాకి వాణ్ణి పంపుతాదంట, ఊరికే చూసిపోతాడంట" అంది పార్వతి, మొగుడి మొహం చూడకుండా.

పుల్లారావు మంచిదే అన్నాడు. దుకాణానికి పోయి, కుర్చీలో కూర్చుని, అత్తగారి కోటను తగలబెట్టాలని నిశ్చయించుకున్నాడు. తోటి ఆటగాళ్లకు కబురు పెట్టాడు. గిద్దలూరు గాదెలు నిండుగా ఉన్నాయి, కాపలా లేదు, అందరం కలిసి పడదాం అని. జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి.

"అమ్మగారి తిండి తిన్నాం అన్నా. నావల్ల కాదు."

"నా సైన్యం అక్కడే ఉంది. కావలికి పంపినా."

"సిగ్గుండాలి నీకు."

సరే, ఒక్కడినే పోతాననుకున్నాడు. సైన్యాన్ని బయల్దేరదీయబోతూ తన గాదెలోకి తొంగి చూశాడు. యుద్ధాల మీద యుద్ధాలు చేస్తూ పొలం మాటే మరిచిపోయిన అతనికి అప్పుడు తెలిసింది, తన సైన్యం ఇన్నాళ్లూ తింటున్నవి అత్తగారు పంపిన గింజలేనని. ఆమె మీద పడ్డ మరుక్షణం మూటలు ఆగిపోతాయి. సగం దారిలో సైనికులు పస్తుంటారు.

అతను తల ఎత్తాడు. సాయంత్రం బస్సుకు ఇవ్వమని ఇంటి నుంచి ఇచ్చి పంపిన క్యారియరు బల్ల మీద ఉంది. కడిగి తుడిచిన డబ్బాల్లో పార్వతి అప్పటికే మినప సున్నుండలు సర్ది పెట్టింది. "ఖాళీ గిన్నె తిరిగిస్తే ఇంటికి వెలితి" అనేది రాజేశ్వరమ్మ మాట. కాపురానికి వచ్చేటప్పుడు పార్వతి దాన్ని కూడా వెంట తెచ్చుకుంది. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఒక్క ఖాళీ డబ్బా పోలేదు. పుల్లారావుకు ఇప్పుడు అర్థమైంది. సైన్యం అవసరం లేని మనిషితో తను ఇన్నేళ్లుగా యుద్ధంలో ఉన్నాడు. పైగా ఆ సంగతి తనకే తెలియదు.

అప్పుడతని పెదవుల మీదికి ఒక నవ్వు వచ్చింది. ఎన్ని తెలివితేటలున్నా, రాజేశ్వరమ్మకు స్టీలు సామాన్ల దుకాణం లేదు గదా.

అల్లుడి క్యారియరు ఆ సాయంత్రమే బస్సెక్కింది. పాతది కాదు, అంతకన్నా ఒక డబ్బా ఎక్కువున్న కొత్తది, నిండా సున్నుండలు. దాన్ని నింపడానికి గిద్దలూరులో ఇంకో కూర వండాల్సి వచ్చింది. అది తిరిగి రాగానే పుల్లారావు పెద్ద టిఫిను బుట్ట పంపాడు. దానికి బదులు సకినాలు వచ్చాయి. మూత బిగుసుకునే బిందె పంపాడు. బిందె నిండా మజ్జిగ మిరపకాయలు వచ్చాయి.

"ఏమండీ, ఏంది మీకీ ప్రేమ?" అంది పార్వతి. "మా అమ్మ చేతులు పడిపోతన్నాయంట వండలేక."

"పెద్దామె. మర్యాద చెయ్యాల గదా."

ఆ మాట అంటున్నప్పుడు గుండెలో కమ్మగా సెగ రేగింది. అతను ఆ సెగను గుర్తుపట్టాడు. కోట తగలబడేటప్పుడు రేగేదీ అదే. ఒక్క క్షణం తన మీద తనకే అనుమానం వేసింది. చేతిలో కాగడా పోయి బిందె వచ్చిందే గానీ, చెయ్యి మారలేదు. అనుమానం అనుమానమే, ఆట ఆటే. దసరా దగ్గర పడుతోంది.

ఆఖరి అస్త్రంగా దుకాణం వెనక నుంచి పెళ్లి వంటల గుండిగను బయటికి దొర్లించాడు. అందులో ఒక మేక నిలువునా నిలబడవచ్చు. అడుగున కిలో మైసూరుపాకు పెట్టి, మూత వేసి, తాడు కట్టి గిద్దలూరు వైపు పోయే సామాన్ల ఆటోలో ఎక్కించాడు. ఇది నింపాలంటే అత్తగారు ఊరందరికీ వంట చెయ్యాలి. నింపలేక ఖాళీగా పంపితే, అన్నేళ్ల మాట ఆమె చేతులతోనే పోతుంది, ఇక డబ్బాల చాటున కొడుకును పంపే మొహం ఉండదు.

కొన్నాళ్లు గిద్దలూరు నుంచి ఏ కబురూ లేదు. పుల్లారావు విజయగర్వంతో నాలుగు కోటలు కాల్చాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం దుకాణం ముందు ఆటో ఆగింది. వెనక గుండిగ. గుండిగలో చుట్టిన పరుపు, దిండు, బట్టలు, ఒక చిన్న ఫ్యాను, నాలుగు జతల చెప్పులు. గుండిగ అంచు పట్టుకుని బ్రహ్మం.

"ఖాళీగా పంపరాదని నన్ను పంపింది బావా," అన్నాడు కిందికి దూకుతూ. "దారంతా అందరూ నన్నే చూసినారు. కంభంలో ఒకాయన ఎవరి పెళ్లి అని అడిగినాడు."

పుల్లారావు గుండిగ వైపు చూశాడు. ఇంత పెద్ద గిన్నె తానే పంపాడు. కొడుకు పట్టేంత గిన్నె.

బ్రహ్మం లోపలికి వచ్చి, ఫ్యాను బల్ల మీద పెట్టి, చాలా సహజంగా గల్లాపెట్టె వెనక కుర్చీలో కూర్చున్నాడు. పుల్లారావు స్టూలు మీద కూర్చున్నాడు. కాదు అనే మాట గొంతు దాకా వచ్చి, అక్కడే అలవాటు కొద్దీ కూలబడింది.

"అయినా నీకు బుద్ధుందా బావా?" అన్నాడు బ్రహ్మం. "ఇంత గుండిగ ఎవరు కొంటారు? పెళ్లి ఒక్కరోజు. తర్వాత దీన్ని ఇంట్లో ఏడ పెట్టుకుంటారు? అద్దెకియ్యాల ఇట్లాంటివి. మా ఊళ్లో అద్దెకు కావాలంటే కంభం దాకా పోతన్నారు జనం."

పుల్లారావు అతని వైపు తిరిగాడు. బావమరిది మాటను అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి.

"నువ్వు నడుపుతావా?"

"నేనా? అబద్ధం చెప్పి అమ్మే పని లేకుంటే ఏదైనా నడుపుతా. కానీ దుకాణం ఏడుంది?"

"మీ ఇంటి వసారా ఎంత ఉంటాది?"

బ్రహ్మం చేతులు చాచి వసారా కొలత చూపించాడు. తర్వాత వాడి మొహమంతా పళ్లయింది.

మర్నాడు గిద్దలూరుకు బయల్దేరిన ఆటోలో ఉన్నది ఒక్క గుండిగే కాదు. దాని తమ్ముళ్లూ చెల్లెళ్లూ, గరిటెలు, జల్లెడలు, బానలు, నీళ్ల డ్రమ్ములు, వడ్డించే బకెట్లు ఉన్నాయి. అన్నిటి మీదా పరుపేసుకుని, రాజులా బ్రహ్మం.

సాయంత్రం ఫోను మోగింది. పార్వతికి కాదు, పుల్లారావుకే. తలుపు చాటు లేకుండా అత్తగారు అల్లుడితో మాట్లాడటం అదే మొదలు.

"ఏంది అల్లుడా ఇది? వసారా నిండా గరిటెలే. నా పడక కుర్చీ ఏడేసుకోవాల?"

"ఖాళీగా పంపరాదు గదా అత్తమ్మా."

అవతల గరిటెలు గలగలలాడాయి. వెనక నుంచి బ్రహ్మం గొంతు వినిపిస్తోంది, ఎవరితోనో: "ఆ బాన వద్దు పెద్దమ్మా, పిడి ఊగుతాంది. ఇది తీసుకో."

"నా కొడుక్కి దోవ చూపించినావు నాయనా," అంది రాజేశ్వరమ్మ చివరికి. "మంచోడివి."

ఆ మంచోడివి అన్న మాట, రాయి మీద కత్తి నూరినట్లు వినిపించింది.

మర్నాడు ఎండ ముదిరాక, పుల్లారావు తన కుర్చీలో తాను కూర్చుని ఫోను తీశాడు. గుమ్మంలో గింజల మూట లేదు. అత్తగారి ఊరికి పోయి చూశాడు. పొలాలున్నాయి, గాదెలున్నాయి. ఆ ఊళ్లో ఎన్నడూ లేనిది ఒకటి, గోడ పక్కన సగం కట్టి ఉంది. దగ్గరగా చూశాడు. సైనికుల కొట్టం.

పుల్లారావుకు ఆ రోజు ఎవరి కోటా కాల్చబుద్ధి కాలేదు. చాలాకాలం తర్వాత మొదటిసారి, అతను తన ఊళ్లో కాస్త పొలం దున్నుకున్నాడు.