సోని వైరు

చోళ్ల అంబలి కలుపుతూ సోని అడిగింది, తన కంప్యూటరుకి కూడా ఇంటర్నెట్టు వైరు ఒకటి కావాలని. మొగుడు ధనరాజు గెడ్డం గీసుకుంటున్నాడు. అద్దం మీంచి కళ్లు తిప్పకుండానే, ముందుగదిలోని ఇంటర్నెట్టు పెట్టెకి ఉన్నవి రెండే కన్నాలన్నాడు. ఒకటి అమ్మ టీవీకి, ఒకటి తమ్ముడి కంప్యూటరుకి. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

విశాఖపట్నం కంపెనీ ఒకటి ఆమెకి ఇంటి నుంచి చేసే పని ఇస్తామంది. డాక్టర్లు మాట్లాడి పంపింది విని టైపు చెయ్యాలి. ముందు కొన్నాళ్లు చేయించి చూస్తారు. మధ్యలో లైను తెగకూడదు, వైరు తప్పనిసరి. సోనికి దొరికిన వెనక గదికి వైఫై ఆ రాతిగోడలు దాటి వచ్చేసరికే చచ్చిపోతుంది.

పెళ్లికి ముందు ఆమె పాడేరులో పిల్లలకి కంప్యూటరు నేర్పేది. "నువ్వు బడికి పోతే మాయమ్మకి గంజెవరు పోత్తారు?" అని ధనరాజు ఒక్కసారే అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. ఆమె మానేసింది. అప్పటి నుంచీ నీళ్లు, వంట, గిన్నెలు, వాకిట్లో ఆరబోసిన మిరియాలు, తోటలో కాఫీ పళ్లు కోయడం, ధనరాజు ఆఫీసు చొక్కాలు. అయినా ఎవరడిగినా "ఇంట్లోనే ఉంటాది" అని చెప్తారు, ఉండడమంటే ఊరికే కూర్చోవడమైనట్టు. మరిది రవికుమార్ మాత్రం చదువుతున్నాడు. ఏళ్లుగా ఏదో పోటీ పరీక్షకి చదువుతూనే ఉన్నాడు. మూసిన తలుపు వెనక నుంచి ఆటలో తుపాకులు పేలుతున్నా సరే, "గుంటడు సదూతన్నాడు, గిన్నెలు సప్పుడు సెయ్యకే" అని అత్త సోములమ్మ కోడల్నే కసురుతుంది. అతని కన్నం అడగడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు రాదు.

సోని అడగలేదు. కనెక్షను మార్చినప్పుడు అటక మీద పడేసిన పాత రౌటరు దింపి దుమ్ము తుడిచింది. దాన్ని తన కంప్యూటరుకి కలిపి లోపలి సెట్టింగులు తెరిచింది. దాని వైఫై ఆపేసింది. కొత్త పెట్టెతో తగువు రాకుండా దాని అడ్రసు మార్చింది. మిగతా వాటికి అడ్రసులు పంచే పని దాన్నుంచి తీసేసింది. ఒక ఇంట్లో ఇద్దరు పెత్తనం చేస్తే ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పాలా? తర్వాత ముందుగదిలో కొత్త పెట్టె పక్కన దాన్ని పెట్టి, టీవీ వైరు తెచ్చి పాతదానికి గుచ్చింది. ఖాళీ అయిన కన్నం నుంచి పాతదానికో వైరు, పాతదాన్నుంచి వెనక గదికో వైరు. టీవీ ఎప్పటిలాగే ఆడింది, ఆమె కంప్యూటరూ ఆడింది. కానీ పెట్టె పక్కన పెట్టె చూసి అత్త ఊరుకోలేదు. టీవీ వైరు ముట్టుకోవద్దని, ముందు ఎలా ఉందో అలాగే ఉండాలని పట్టుబట్టింది. చేసేది లేక సోని రవికుమార్ వైరు పాతదానికి మార్చబోతే, అతనూ తలుపు తీసి వద్దన్నాడు. చివరికి అత్త టీవీ చూడని వేళల్లో మాత్రమే టీవీ వైరు తీసి, ఆ కన్నంలో తన పాత రౌటరు వైరు పెట్టుకునేది.

పని మొదలెట్టిన నాలుగో రోజు పొద్దున్న డాక్టరు గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. సోని ముందుగదిలోకి పరిగెత్తింది. పాత రౌటరు ప్లగ్గు నేల మీద పడి ఉంది. దాని చోట ఇస్త్రీ పెట్టె.

"నీకు పనుందని నేనే ఇస్త్రీ సేసుకుంటన్నాను" అన్నాడు ధనరాజు, మెచ్చుకుంటుందని చూస్తూ. లైను తెగిందని చెప్తే, "మళ్లీ పెట్టుకో. దానికేటైపోనాది?" అన్నాడు.

కంపెనీలో పని చూసే దివ్య మేడం ఫోను చేసి, రేపొక్కసారి చూస్తానంది, మళ్లీ తెగితే కుదరదంది. ధనరాజు కోపంతో పీకినా సోనికి కొంత నయమనిపించేది. అతనికి కోపం లేదు, పగ లేదు. టీవీది, కొత్త పెట్టెది, పాత రౌటరుది, ఆ మూడు ప్లగ్గుల్లో ఏది తీస్తే ఇంట్లో ఎవరికీ నష్టం లేదో చూసుకుని అదే తీశాడు. ఆ ఎవరికీలో ఆమె లేదు. ఇన్నేళ్లూ తన నిద్ర, తన చదువు, తన ఉద్యోగం అలాగే కదా తీసి పక్కన పెట్టారు! ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఏమీ జరగనట్టే.

సాయంత్రం ఆమె ఎవర్నీ అడగలేదు. టీవీ వైరూ రవికుమార్ వైరూ రెండూ తీసి పాత రౌటరుకి గుచ్చింది. పక్కనే తన వైరు. అత్త తిట్టింది, మరిది గొణిగాడు. సోని వెనక్కి తిరిగి చూడలేదు. ఆ ప్లగ్గు ఎవరు తీసినా టీవీ ఆగిపోతుంది, ఆటా ఆగిపోతుంది అని మాత్రం ఇద్దరికీ వినపడేలా చెప్పింది.

మర్నాడు ఆమె పనిలో కూర్చోబోతుండగా ధనరాజు ఇస్త్రీ పెట్టె పట్టుకుని వచ్చాడు. చెయ్యి నిన్నటిలాగే పాత రౌటరు ప్లగ్గు మీదికే వెళ్లింది.

"అన్నా, అది తియ్యకు" అని రవికుమార్ గదిలోంచి వచ్చేశాడు. సీరియల్ చూస్తున్న సోములమ్మ కూడా కొడుకుని కసిరింది. ధనరాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నిన్న ఇదే చోట, ఇదే ప్లగ్గు కోసం, వీళ్లలో ఒక్కరూ ఆ మాట అనలేదు.

అతను తలెత్తి, వెనక గది గుమ్మంలో నిలబడ్డ పెళ్లాన్ని చూశాడు. "అందరివీ దీనికే ఎందుకు తగిలించినావు?"

"నా ఒక్కదాని పనే అయితే పీకేత్తారని" అంది సోని. తలుపు గెడియ పెట్టుకుని పనిలో కూర్చుంది. ఆ రోజు లైను తెగలేదు.