రేపటికి మిగిల్చిన కుట్టు

తాళాల మేస్త్రి తెల్లవారీ తెల్లవారకముందే పెళ్లాం టైలరమ్మ చేతులు వేడినీళ్లలో ముంచి వేళ్లు విరుస్తున్నాడనీ, ఆ పిల్ల కేకలు వినలేక తాను కిటికీ మూసుకోవాల్సి వస్తోందనీ ఎదురింటి పిన్ని పాలమనిషితో చెప్పిందట. ఆవిడ కిటికీ మూసుకున్న రోజు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. కిటికీ పిన్ని అని పేరు పడింది అందుకే. పాలమనిషి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ కబురును నాలుగు వీధుల అవతల, టైలరమ్మ వదినకు దూరపు చుట్టమైన ఒకావిడ గుమ్మంలో పాలతో పాటు పోసి వచ్చింది. పాలలో నీళ్లు కలిసినట్టు మాటలోనూ ఏదో ఒకటి కలవకుండా ఉంటుందా. అది ఊరు దాటి టైలరమ్మ అన్న చెవిన పడేసరికి వేడినీళ్లు మరిగే నీళ్లయ్యాయి. వేళ్లు విరవడం పోయి, రెండు వేళ్లు విరిగిపోవడం దాకా వచ్చింది.

అన్నకు సరుకులు తోలే వ్యాను ఉంది. ఆ సాయంత్రం సరుకు దించేసి, భార్యను ముందు సీట్లో ఎక్కించుకుని, దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చి చెల్లెలి గుమ్మం ముందు బ్రేకు వేశాడు.

"చేతులు చూపించు," అన్నాడు, చెప్పులైనా విప్పకుండా.

టైలరమ్మ చూపించింది. వేళ్లు పదీ ఉన్నాయి. కణుపులు మాత్రం ఉబ్బి, చిటికెన వేళ్లు రెండూ పక్కకు వాలి ఉన్నాయి.

"ఇది వాడి పనేనా?"

"ఎవరి పనీ కాదన్నా. కీళ్ల జబ్బు. మూడేళ్లయింది."

"మూడేళ్ల నుంచీ ఉంటే నాకు చెప్పవా?"

"చెప్తే వ్యాను వేసుకొస్తావని చెప్పలేదు. చెప్పకపోయినా వేసుకొచ్చావు."

వదినకు నవ్వొచ్చింది గానీ మొగుడి ముఖం చూసి మింగేసింది.

ఆ జబ్బుకు డాక్టరమ్మ నోరు తిరగని పేరొకటి చెప్పింది. టైలరమ్మ దానికి చుట్టం అని పేరు పెట్టుకుంది. రెండు రోజులుండి పోతుందనుకుంటే పెట్టె సర్దే సూచనలే లేవు మరి. వారానికోసారి మాత్ర. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు నాననిచ్చి వేళ్లను మెల్లగా కదిలించాలి. పొద్దున లేచేసరికి చేతులు రెండూ పిడికిళ్లయి ఉంటాయి. తన పిడికిలి తనకే తెరుచుకోదు. మేస్త్రి పక్కన కూర్చుని ఒక్కో వేలూ తెరుస్తాడు. అంత మెల్లగా తెరిచినా ఒక్కోరోజు కేక వస్తుంది. కిటికీ పిన్ని విన్నది అబద్ధమేమీ కాదు.

మేస్త్రి దుకాణం కట్టేసి వచ్చేసరికి బావమరిది కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టైలరమ్మ చెప్పిందే మేస్త్రీ చెప్పాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పడంతో అన్న అనుమానం ఇంకా పెరిగింది.

"కాపురం కప్పిపుచ్చుకోడానికి ఆడపిల్లలు చెప్పని రోగం లేదు," అన్నాడు. "సరే, జబ్బే అనుకుందాం. అయితే మరీ మంచిది, మంచం మీద కూర్చోబెట్టి చూసుకుంటాను. కొట్టుడైతే నీ సంగతి వేరే చూస్తా బావా. ఏదైనా సరే, ఇది రేపు నాతో వస్తుంది."

"మిషనో?" అంది టైలరమ్మ.

"దానితో ఇంక నీకేం పని? ఎవరికైనా ఇచ్చేద్దాం."

అన్నకు చెల్లెలంటే ప్రాణం. చిన్నప్పుడు వాగు దాటాల్సి వస్తే భుజాల మీద ఎక్కించుకునేవాడు. దించమన్నా దించేవాడు కాదు. ఆ మొండితనం ఆమెకు తెలుసు. వాదిస్తే బిగుసుకుంటాడని కూడా తెలుసు.

"రేపు పొద్దున నీ కళ్లతో చూడు. చూసి మాట్లాడు," అంది.

"చూస్తాను. నా ఎదురుగా చేతులు తెరుచుకుని ఆ మిషను మీద ఒక్క కుట్టు వేసి చూపించు, మారు మాట్లాడకుండా పోతాను. వెయ్యలేకపోతే నువ్వు మారు మాట్లాడకుండా వ్యాను ఎక్కు."

"సరే."

అనేసిందే గానీ, ఆ మాట అన్నది తానేనా అని ఆమెకే అనిపించింది. అసలు తెరుచుకోని పొద్దులు కూడా ఉంటాయి. అవి చెప్పి రావు.

ఆ రాత్రి ఆమెకు ధైర్యం ఇచ్చిందేదైనా ఉంటే, అది మిషను మీద ఉన్న గౌను. బడికి వెళ్లే ఒక చిన్నపిల్లది. అంతా అయిపోయింది, ఎడమ చెయ్యి అతకడం తప్ప. సూది గుడ్డలోకి దించి, మిషను పాదం వాల్చి వదిలేసి వచ్చింది. జబ్బు వచ్చిన మొదటి ఏడాది ఆమె ఎన్నో పొద్దులు గోడవైపు తిరిగి, ఎవరికోసం లేవాలి, ఎందుకు లేవాలి అనుకుంటూ మధ్యాహ్నం దాకా పడుకుండిపోయేది. ఒకసారి జ్వరం వచ్చి, కుడుతున్న చొక్కా కుడుతున్నట్టే వదిలేసింది. మర్నాడు కళ్లు తెరిస్తే ఆ సగం చొక్కా సూదికి వేలాడుతూ కనిపించింది, మాట మధ్యలో ఆగిపోయి తనవైపే చూస్తున్న మనిషిలాగా. అలా వదిలెయ్యడం ఆమెకు చేతకాలేదు. లేచింది. అప్పటి నుంచి ఏ రోజు పనీ ఆ రోజు పూర్తిచెయ్యదు. "ఆ ఒక్క కుట్టూ వేసేస్తే పట్టుకుపోతాం కదా టైలరమ్మా" అని జనం సణుగుతారు. "అది రేపటిది" అంటుంది. నిన్ను చూస్తే మాకు ధైర్యం వస్తుందమ్మా అనేవాళ్లూ ఉన్నారు. ధైర్యం నాలో ఎక్కడుంది, ఆ సూది కింద ఉంది అని వాళ్లకు చెప్పినా అర్థం కాదని ఊరుకుంటుంది.

పొద్దున చేతులు ఎప్పటికంటే ఎక్కువ బిగుసుకున్నాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా సలుపు. మేస్త్రి బేసిను తెచ్చి మంచం పక్కన పెట్టాడు. అన్న గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో వ్యాను తాళంచెవి. వదిన అతని వెనక. వీధికి అవతల కిటికీ పిన్ని దువ్వెన పట్టుకుని కూర్చుంది. జుట్టు ఎప్పుడో దువ్వుకోవడం అయిపోయింది, దువ్వెన మాత్రం దించలేదు.

బిగుసుకున్న తాళాన్ని బలంతో తీసేవాడు దొంగ గానీ తాళాలవాడు కాడని మేస్త్రి తరచూ అంటాడు. రోజూ నీళ్లలో చేతులు నానేదాకా ఏవో దుకాణం కబుర్లు చెబుతాడు. ఆ రోజు కబుర్లు లేవు. వీపు మీద బావమరిది చూపు. చేతులు సరిగా నానకముందే చూపుడువేలు పట్టుకున్నాడు.

టైలరమ్మ పెదవి కొరుక్కుంది. అయినా కేక వచ్చేసింది.

అన్న ఒక్క అంగలో వచ్చి మేస్త్రి మణికట్టు పట్టుకున్నాడు. కాలు తగిలి బేసిను ఒరిగింది, నీళ్లు మంచం కిందికి పారాయి.

"వదులు బావా. వదలమన్నానా."

మేస్త్రి వదిలాడు.

"రోజూ ఇదేనా?"

"రోజూ ఇదే."

"దాన్ని ఇట్లా ఏడిపించడానికి నీకు మనసెట్లా ఒప్పుతుంది?"

"ఒప్పదు."

"మరి నేను తీసుకుపోతే నీకూ హాయే కదా. నిజం చెప్పు."

మేస్త్రి గుడ్డ తీసుకుని నేల మీద కూర్చున్నాడు. నీళ్లు తుడుస్తూ, తల ఎత్తకుండా, "హాయే," అన్నాడు.

ఆ మాట టైలరమ్మకు వేలి నొప్పికంటే లోతుగా తగిలింది. అబద్ధమైతే పోట్లాడేది. పోట్లాడటానికి అందులో ఏమీ లేదు. ఆమె చూపు తప్పించుకుని, అలవాటు కొద్దీ, మిషను వైపు తిరిగింది.

మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"వదినా, అక్కడి గౌను ఏది?"

"నిన్న రాత్రి నువ్వు స్నానానికి పోయినప్పుడు నేనే కుట్టేశానమ్మాయ్. చారెడు కుట్టే కదా," అంది వదిన, ముఖమంతా ప్రేమే. "ఇస్త్రీ కూడా చేసి అల్మారాలో పెట్టా. పొద్దున్నే నీకా పాట్లు ఎందుకని."

టైలరమ్మకు ఒంట్లోంచి ఏదో జారిపోయినట్టయింది. పిడికిళ్లు రెండూ ఒళ్లో పడి ఉన్నాయి, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువుల్లాగా. గోడవైపు తిరిగి పడుకుంటే చాలనిపించింది. వ్యాను ఎక్కించినా సరే, ఎక్కడ దించినా సరే.

"ఎందుకే ఈ హింస," అన్నాడు అన్న, గొంతు తగ్గించి. "లే. ముఖం కడుక్కో. పోదాం."

ఆమె లేచింది. అన్న దారి ఇచ్చాడు. ఆమె నీళ్లగదివైపు పోలేదు. మోచేత్తో అల్మారా తలుపు లాగింది. రెండు మణికట్ల మధ్య గౌను పట్టుకుని తెచ్చి, మోచేత్తో దుప్పటి తోసేసి, మిషను ముందు కూర్చుంది. ఎడమ చెయ్యి అతికిన కుట్టును వెతికి, దారం చివర పళ్లతో పట్టుకుని తెంపింది.

"అయ్యో, వంకర పోయిందా?" అంది వదిన దగ్గరికొచ్చి. "నిన్న దీపం వెలుతురులో బాగానే కనబడిందే."

"వంకర లేదు వదినా. నాకంటే బాగా కుట్టావు. అందుకే విప్పుతున్నా."

వదిన ముఖం మాడిపోయింది. అన్న నోరు తెరిచాడు గానీ మేస్త్రి నేల మీది నుంచే చెయ్యెత్తి ఆపాడు. మేస్త్రి మళ్లీ వేడినీళ్లు తేలేదు, సాయానికీ రాలేదు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఆమె చేతుల్నే చూస్తున్నాడు.

దారం పళ్లకు అందినంతసేపు పళ్లతో లాగింది. తర్వాత అది గుడ్డలో మునిగింది. పళ్లకు దొరకలేదు. బొటనవేలిని చూపుడువేలి మీదికి నెట్టాలి. నెడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. జారింది. మళ్లీ నెట్టింది. మళ్లీ జారింది. మూడోసారి రెండు వేళ్ల మధ్య దారం చిక్కింది, వెంట్రుకంత. ఒక్కో కుట్టూ ఊడుతుంటే ఆమె ముక్కుతో గట్టిగా గాలి వదులుతోంది. ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. అవతల దువ్వెన కూడా కదలడం లేదు.

గౌను చెయ్యి ఊడి ఒళ్లో పడేసరికి ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు దారికి వచ్చాయి. మిగతావి ముడుచుకునే ఉన్నాయి. ఆమె గౌను చెయ్యిని మళ్లీ అంచుకు చేర్చి, సూది కిందికి తోసి, పాదం వాల్చింది. తొక్కింది. మిషను కదిలింది. కుట్టు మధ్యలో ఒకచోట పక్కకు పోయింది, సర్దుకుంది, చంక మలుపు తిరిగి అంచు దాకా వచ్చి ఆగింది.

వదిన వంగి చూసింది. ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ వంకర," అంది.

"ఆ వంకర నాది," అంది టైలరమ్మ.

వదిన చీపురు తెచ్చి, నేల మీద పడిన దారం ముక్కలన్నీ ఊడ్చి, "పదండి, ఆలస్యమైతే సరుకు వాళ్లు అరుస్తారు," అంది మొగుడితో.

అన్న కదల్లేదు. మాట ఇచ్చినవాడు, తప్పేవాడు కాదు. కానీ ఒప్పుకోవడం చేతకావడం లేదు. తాళంచెవి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"ఇవాళ మూడు వేళ్లు వచ్చాయి," అన్నాడు చివరికి. "రేపు రెండే వస్తే? ఎల్లుండి అసలు రాకపోతే? ఇట్లా ఎన్నాళ్లు నెట్టుకొస్తావు?"

టైలరమ్మ మూడు వేళ్లతో దారం తెంపింది.

"నువ్వెన్నాళ్లు బతుకుతావో ముందు చెప్పన్నా. తర్వాత నేను చెప్తా."