మంగాయమ్మ ఎక్కాల్సిన రైలు

అమలాపురంలో మేం అద్దెకుంటున్నది ఒక గది, ఒక వంటసందు. అందులో నేను, మా ఆవిడ మంగాయమ్మ, ఒక మంచం, ఒక రైలింజను. ఇంజను మూరెడు పొడవే. కానీ మూరెడు ఇంజను చెయ్యడానికి ఎంత చోటు కావాలో చేసినవాడికే తెలుస్తుంది. ఇనప ముక్కను కదలకుండా పట్టే వైసును మంచం కోడుకు బిగించాను. ఆకురాయి పట్టానంటే మంచమంతా ఊగేది, నడుం వాల్చిన మనిషి లేచి కూర్చునేది. చక్రాలు ఊరగాయ జాడీలో ఉండేవి, మరమేకులు పోపులపెట్టెలో. సగం అయిన ఇంజను మాత్రం గిన్నెల బల్ల మీద, చెంబులకూ మరచెంబుకూ మధ్య. ఓసారి చారులో మరమేకు వచ్చింది. మా ఆవిడ దాన్ని కడిగి నా కంచం పక్కన పెట్టింది.

నేను కాకినాడ లోకో షెడ్డులో ఫిట్టరు పని చేసినవాణ్ణి. కాపురం గోదావరికి ఇవతల. సెలవు దొరికితే కోటిపల్లిలో బండి దిగి, రేవు దాటి వచ్చేవాణ్ణి. గుమ్మంలో అడుగు పెట్టగానే మంగాయమ్మ, "బండి లేటాండీ?" అనేది. ఆలస్యం బండిదైనా నాదైనా, లేటే అనేవాణ్ణి. ఆవిడ నన్ను అడిగిన కోరిక ఒక్కటే, కోటిపల్లి నుంచి కాకినాడ దాకా రైలెక్కించమని, అదీ కిటికీ పక్కన. వచ్చే సెలవుకి, వచ్చే సెలవుకి అంటూ ఉండగా యుద్ధం వచ్చింది, దానికి ఇనుము కావాలని ఆ పట్టాలే పీకేశారు. తరవాత నన్ను ఎక్కడెక్కడి షెడ్లకో తిప్పి చివరికి ఇంటికి పంపారు. ఇప్పుడు ఏ రాజమండ్రో తీసుకెళ్దామంటే ఆవిడ మోకాళ్లు పడవెక్కనివ్వవు. అందుకే ఈ ఇంజను. ఇది దానంతటది ఆవిరి మీద నడవాలి, ఆవిడ చూడాలి. అంతకుమించి నాకేం అక్కర్లేదు. కళ్లలో శుక్లాలు ముదురుతున్నాయి, ఇంకోటి చెయ్యడం నా వల్ల కాదు.

ఉగాది ముందు ఇంట్లో ఇత్తడంతా తోమడం ఆవిడకు అలవాటు. ఇంజనుకు బొగ్గు కావాలని నేను కొబ్బరి చిప్పల కోసం వెళ్లి వచ్చేసరికి, పెరటి అరుగు మీద చెంబులు, పళ్లేలు, వాటి వరసలోనే నా ఇంజను ఎండుతున్నాయి. చింతపండూ ఇటుక పొడీ వేసి తళతళలాడేలా తోమేసింది. ఆవేళే సిలిండరు మూతలు తీసి ఉంచాను. సిలిండరంటే ఆవిరి తోస్తే లోపల పిస్టను ఆడే గొట్టం. అందులో నలుసు పడకూడదు. ఈవిడ వేలికి పీచు చుట్టి మరీ లోపల తోమింది.

"దాన్నెవరు ముట్టుకోమన్నారు?" అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఇన్నేళ్లూ వదిలేసేనండీ. ఇదీ మనింటి ఇత్తడే కదా, పండగపూట ఇదొక్కటీ మాసిపోయి ఉంటే ఏం బాగుంటుందని తోమేను."

కోపం పట్టలేక చెంబును తన్నాను. కాలు వాచింది గాని కోపం దిగలేదు. పండగ దాకా ఆవిడతో ముభావంగానే ఉన్నాను. కిరసనాయిలు పోసి సిలిండరును మళ్లీ మళ్లీ కడిగాను. కళ్లకు ఆనదు గనక వేలితో తడిమి చూశాను. నున్నగానే తగిలింది. సరే అనుకుని పిస్టను బిగించేశాను.

ఉగాది మధ్యాహ్నం మంచం ఎత్తి గోడకు నిలబెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బుల్లి పట్టాలు పరిచాను. బొగ్గు రాజేశాను. ఆవిరి పట్టింది. మంగాయమ్మ కొత్త చీర కట్టుకొచ్చి గడప దగ్గర నిలబడింది. మీట లాగాను. చక్రం కదిలింది. సగం తిరిగి, కిర్రుమని ఆగిపోయింది. చేత్తో తోసినా కదల్లేదు.

చల్లారాక మూత విప్పాను. ఆవిరి వచ్చే సన్నటి దారిలో ఎక్కడో ఇరుక్కున్న ఇటుక పొడి కాస్తా పిస్టను మీదికొచ్చి పడింది. గొట్టమంతా గీతలు. కొత్తది పోయించి నునుపు చెయ్యాలంటే కళ్లుండాలి. నా వేళ్లకు ఎర్రగా అంటింది. అరవడానికి కూడా ఓపిక లేకపోయింది, అంత అలసటగా ఉంది. చెయ్యి పంచెకు తుడిచేసుకున్నాను.

"ఏవిటండీ అది, ఎర్రగా?"

"తుప్పు."

"ఇత్తడికి తుప్పెక్కడిదండీ," అంది మెల్లిగా.

ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఇత్తడి తోముతున్న మనిషితో ఆడాల్సిన అబద్ధం కాదది. ఆవిడ నా పంచె మీది మరక చూసింది, తర్వాత తన చేతులు చూసుకుంది. నాకు ఆ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. తల వంచుకుని ఆకురాయి కోసం నేలంతా తడుముతుంటే, కాళ్ల దగ్గరే ఉందని ఆవిడే తీసి చేతికిచ్చింది.

"బండి లేటాండీ?" అంది.

"లేటే."

"బాగా లేటా?"

"బాగా లేటు. వస్తుందో రాదో కూడా తెలీదు."

"ఆయ్. కూర్చుంటానండీ," అంది. పట్టాల పక్కన చాప పరుచుకుని, మోకాళ్లు నిమురుకుంటూ కూలబడింది. కొత్త చీర చెంగు పట్టాల మీద పడకుండా ఒళ్లోకి తీసుకుంది.