ఆరో నంబరు

అమ్మ పోయి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజుల్లో కందిరీగ ఒక్క పూట కుదురుగా కూర్చున్నది లేదు. ఆ ముద్దుపేరు అమ్మ పెట్టిందే. యాభై దాటి, కుట్టే ఓపిక పూర్తిగా అడుగంటినా పేరు మాత్రం ఊడలేదు.

సాయంత్రం నాలుగింటికి కమ్యూనిటీ హాల్లో సంస్మరణ సభ. పన్నెండేళ్లపాటు ప్రతి బుధవారం అమ్మ పాత బట్టలు వేరుచేసి, గుండీలు కుట్టి, లేనివాళ్లకు పంపింది ఆ హాల్లోనుంచే. సభలో చదవడానికి నాన్న ఒక కాగితం రాసిపెట్టాడు. నాన్న రిటైరైన మేజరు. కాగితం నిండా ఏ ఏడు ఏ పటాలం, ఎక్కణ్ణించి ఎక్కడికి బదిలీ.

"ఇందులో అమ్మ ఏది నాన్నా?"

"ఉందిగా. 'కుటుంబ సమేతంగా' అని ఆరుచోట్ల రాశాను."

వాదించే శక్తి లేక కందిరీగ కాగితం మడిచింది. ఇరవై రెండేళ్లలో పదిహేడు ఇళ్లు. ఏ ఇంటి కిటికీ కొలత ఇంకో ఇంటికి కలవలేదు. అమ్మ అవే తెరలకు ఒకచోట అంచు విప్పేది, ఇంకోచోట మడిచి కుట్టేది. తెరలు వేలాడేదాకా పొయ్యి వెలిగించేది కాదు. నాన్నకు మాత్రం అన్ని ఇళ్లలోనూ తెరలు సరిగ్గా సరిపోయినట్టే గుర్తు.

ఫోను మోగింది. ఐదో పిన్ని.

పటాలం సరిహద్దుకు వెళ్లిన రోజుల్లో భార్యలు పద్నాలుగు మంది ఒక ఫోన్ల వరస పెట్టుకున్నారు. కబురు ఒకటో నంబరుకు వస్తే ఆవిడ రెండుకు, రెండు మూడుకు, అలా చివరిదాకా. పద్నాలుగో ఆవిడ తిరిగి ఒకటికి ఫోను చేసి అందిందని చెప్పాలి. అమ్మది ఆరో నంబరు. పిల్లలకు వాళ్లంతా నంబర్ల పిన్నులే. మగవాళ్లు రిటైరై ఇరవై ఏళ్లయినా వరస పోలేదు. కాన్పులు, ఆపరేషన్లు, పెళ్లిళ్లు అన్నీ దానిమీదే నడిచాయి.

అమ్మ దానికి రెండు నియమాలు పెట్టింది. అసలు మాట మొదటి వాక్యంలోనే చెప్పాలి. తిన్నారా, పడుకున్నారా తర్వాత. రెండోది, పై నంబరు చెప్పందే ఏ కబురూ నమ్మకూడదు, కిందికి దాటించకూడదు. ఒకసారి ఎవరో బజారులో విన్న మాట పట్టుకొచ్చి నాలుగో పిన్నికి భర్త పోయాడని చెప్పారు. ఆయన మూడు వారాల తర్వాత నడుచుకుంటూ ఇంటికొచ్చి, తన చొక్కాలేవని అడిగాడు. ఆవిడ అప్పటికే పంచిపెట్టేసింది.

"కొంప మునిగిందే కందిరీగా," అంది ఐదో పిన్ని. "పద్నాలుగు నుంచి ఒకటో వదినకి ఫోనే రాలేదట. ఆ సంగతి ఇవాళ చెప్తోంది! తనకి చెవులు సరిగ్గా వినిపించవు కదా, మోగినా వినలేదేమో అనుకుని ఊరుకుందట."

కందిరీగకు తొమ్మిది రోజుల కిందటి మధ్యాహ్నం గుర్తొచ్చింది. నాన్న ఆస్పత్రి నుంచే ఒకటో నంబరుకు కబురు చేశాడు. తను అప్పుడే ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోన్లో ఇదే గొంతు. "ఒకసారి అమ్మకివ్వమ్మా, చెడ్డకబురు చెప్పాలి."

"ఏంటి పిన్నీ?"

"మీ అమ్మ..." అని ఆవిడ ఆగిపోయింది. ఆ తర్వాత ఫోను పెట్టేసింది. వరస ప్రకారం ఐదు ఆరుకు చెప్పేసినట్టే లెక్క. ఏడుకు చెప్పాల్సిన మనిషి అప్పటికి మార్చురీలో ఉంది. ఏడు నుంచి పద్నాలుగు దాకా ఎనిమిది మంది అంత్యక్రియలకు రాలేదు. ఏదో కోపమేమో అని ఇంట్లో అనుకున్నారు.

"ఏడో పిన్నికి మీరే చెప్పెయ్యొచ్చుగా."

"నేనా? నా కింద ఆరు కదమ్మా," అంది ఐదో పిన్ని, ఎంతో న్యాయంగా.

గడియారం పదకొండు దాటింది. ఇప్పుడు చెప్పకపోతే సభ కూడా వాళ్లు లేకుండానే జరిగిపోతుంది. కానీ కందిరీగ చెయ్యి ఫోను మీదే ఉండిపోయింది. ఈ తొమ్మిది రోజుల్లో ఆ వాక్యం తను ఒక్కసారి కూడా అనలేదు. డాక్టరు అన్నాడు, నాన్న అన్నాడు, పేపర్లో వేశారు. తను మాత్రం కుర్చీలు, దుప్పట్లు, వచ్చేపోయే వాళ్ల కాఫీలు చూసుకుంది. పైగా ముప్పై ఏళ్ల కిందట ఏడో పిన్నికి ఆవిడ భర్త పోయిన కబురు చెప్పింది అమ్మే. ఆవిడ విషయంలో మాత్రం కబురు నిజం.

చివరికి నంబరు తిప్పింది.

"పిన్నీ, నేను కందిరీగని. ఎలా ఉన్నారు? మోకాళ్ల నొప్పులు..."

"నా మోకాళ్లు ఎక్కడికీ పోవు. ముందు అసలు మాట చెప్పు."

"ఇంట్లో అందరూ..."

"కందిరీగా! మీ అమ్మ నాకు ఆ రోజు ఒక్క ముక్కలో చెప్పింది. నువ్వూ అలాగే చెప్పు తల్లీ."

"అమ్మ చనిపోయింది, పిన్నీ."

"సరే," అంది ఆవిడ. "పేపర్లో చూశాను."

"చూశారా? మరి రాలేదేం?"

"పైనుంచి కబురు రాలేదుగా. పేపరువాడు పొరబడి ఉంటే? మీ అమ్మ ఇంట్లో నిక్షేపంలా గుండీలు కుట్టుకుంటూ ఉంటే? మిగతా ఏడుగురూ అడిగారు. ఇంకా నాకు చెప్పలేదన్నాను. తొమ్మిది రోజులు ఆ నియమం పట్టుకునే వేలాడాం."

కందిరీగ గోడకు జారబడింది. "నాలుగింటికి సభ. మీరంతా రావాలి. ఇంకొక్క మాట పిన్నీ, ఈ ఆరో నంబరు నా నెత్తిన పెట్టకండి. నాకు ఓపిక లేదు."

"మీ అమ్మకి మాత్రం ఉందనుకున్నావా?" అంది ఆవిడ మెల్లగా. "ఫోను పెట్టెయ్. ఎనిమిదికి చెప్పాలి."

ఫోను పెట్టేశాక కందిరీగ అక్కడే కింద కూర్చుని, తొమ్మిది రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. నాన్న గుమ్మంలోకి వచ్చి కంగారుగా నిలబడ్డాడు.

"ఎవరమ్మా ఫోన్లో?"

"ఏడో పిన్ని. ఎనిమిది మందీ వస్తున్నారు నాన్నా. ఇంకో వరస కుర్చీలు కావాలి."

"నువ్వు లేవకు," అని నాన్న చెప్పులేసుకుని హాలు వైపు బయల్దేరాడు.