రాయిలాంటి బ్రేకు లివరు

లెస్ పెంగెల్లీ ట్రైలరు తగిలించుకుని వెళ్లాడంటే ఖాళీగా తిరిగి రాడు. క్లేర్‌లో పాత మోటార్‌సైకిళ్ల కొట్టు పెట్టి ముప్పై ఏళ్లయింది. అమ్మేవాడి మొహం చూడగానే ఎందుకు అమ్ముతున్నాడో పసిగడతాడు. నడుం నొప్పా, పెళ్లాం పోరా, కొత్త బండి మోజా అన్నదాన్ని బట్టి బేరం నడుపుతాడు. పక్కనున్న బుర్రా అనే ఊరి నుంచి మావిస్ ట్రెలోర్ ఫోన్ చేసినప్పుడు ఆ శ్రమ కూడా లేకపోయింది. కారణం ఆమే చెప్పింది.

“నా చేతికి పట్టు తగ్గిందంటున్నారు లెస్. ఓసారొచ్చి బండి చూడు.”

మావిస్‌కి అరవై తొమ్మిది. నలభై ఏళ్లు గొర్రెల షెడ్లలో ఉన్నికి గ్రేడు కట్టింది. కత్తిరించిన ఉన్ని బల్ల మీద పడగానే ఓ పోచ తీసి, వేళ్ల మధ్య లాగి, అది ఏ బేలులోకి, అంటే ఏ రకం మూటలోకి, పోవాలో చెప్పేసేది. ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్లు ఆ జిల్లాలో తక్కువ. ఆమె బండి డెబ్బై ఏడు మోడలు, ముందు చక్రానికి బ్రేకు పట్టే డిస్కు ఒకటే. పోయిన నెల హైవేలో కలిసే మలుపు దగ్గర గీత మీద ఆగవలసింది, బండి పొడవంత దూరం దాటి ఆగింది. గోధుమ లారీ ఒకటి హారన్ మోగిస్తూ ముక్కు ముందు నుంచి పోయింది. వెనక కారులో వస్తున్న అల్లుడు గ్రాంట్ అదంతా చూశాడు. అప్పటినుంచీ ఇంట్లో ఒకటే పాట: బండి అమ్మెయ్యి.

లెస్ వెళ్లేసరికి ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏంటా మొహం? ట్రైలరుతో వచ్చావో, శవపేటికతో వచ్చావో తెలియట్లేదు.”

“బండి కోసమే వచ్చాలే మావిస్. నిన్ను మోసుకెళ్లే ఓపిక నాకు లేదు.”

“అయితే విను. తప్పు నా చేతిదైతే బండి నీది, బేరం కూడా ఆడను. తప్పు బ్రేకుదైతే టీ తాగి ఇంటికెళ్లు.”

లెస్ మనసులోనే తూకం వేసుకున్నాడు. ఒక పక్క అరవై తొమ్మిదేళ్ల చెయ్యి, ఇంకో పక్క బాగా చూసుకున్న బండి. ముల్లు తన వైపే మొగ్గింది. అడిలైడ్‌లో ఈ మోడలు కోసం కాచుకున్నవాడు కూడా గుర్తొచ్చాడు. సరేనన్నాడు.

మావిస్ ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. ఒకప్పుడు బేళ్ల వివరాలు రాసుకునే పుస్తకం. ఇప్పుడందులో బ్రేకు సంగతులు ఉన్నాయి. ఇంటి ముందు తారు రోడ్డు మీద గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఉత్తరాల డబ్బా దగ్గర ముందు బ్రేకు ఒక్కటే నొక్కి, ఆగినచోటి దాకా నడిచి తన అడుగులు లెక్కపెట్టింది. బ్రేకు ప్యాడ్లు మార్చాక ముప్పై ఎనిమిది అడుగులు. డిస్కు గరుకు కాగితంతో రుద్దాక ముప్పై ఎనిమిది. బ్రేక్ ఆయిలు కొత్తది పోసి గాలి తీశాక ముప్పై ఏడు. డిస్కును నొక్కిపట్టే క్యాలిపర్ విప్పి పిస్టన్ శుభ్రం చేశాక ముప్పై ఏడు. ఆయిలు గొట్టం కొత్తది వేశాక కూడా ముప్పై ఏడే.

లెస్ ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ఒకసారికి ఒక్కటే మార్చింది. అతని కొట్లో నాలుగు భాగాలు ఒకేసారి మారుస్తారు. బండి బాగైతే దేనివల్ల బాగైందో ఎవరికీ తెలియదు, బిల్లు నాలుగింటికీ వేస్తారు. వేయమనేది కూడా తనే. ఇలాంటి పుస్తకం ఒక్కటి కొట్లో ఉంటే ఎంత వృథా తప్పేదో అనిపించింది.

“ఇన్ని చేశాక మిగిలింది నా చెయ్యే కదా అంటాడు గ్రాంట్,” అంది మావిస్. “అందుకే నిన్ను పిలిచా. నీ చెయ్యి గొర్రె తొడంత ఉంటుంది. ఎక్కు.”

లెస్ ఎక్కాడు. డబ్బా దగ్గరికి రాగానే హ్యాండిల్ మీది బ్రేకు లివరు బిగించి పట్టాడు. రాయిలా గట్టిగా ఉంది. బండి మాత్రం తీరిగ్గా, ఆలోచించుకుంటూ ఆగినట్టు ఆగింది. మావిస్ వెనకాలే నడుస్తూ వచ్చింది.

“ముప్పై ఆరు. నీకెన్నేళ్లు?”

“యాభై నాలుగు.”

“పాపం, నువ్వూ అమ్మేసుకో.”

తూకం ముల్లు ఆమె వైపు తిరిగిపోయిందని లెస్‌కి అర్థమైంది. అప్పుడే హ్యాండిల్ మీది మాస్టర్ సిలిండర్ వైపు అతని చూపు పోయింది. లివరు నొక్కితే ఆయిలును కిందికి తోసేది అదే. దాన్ని తనే అమ్మాడు, నవంబరులో. పాతది కారుతోందని మావిస్ అడిగితే, రెండు డిస్కుల బండి నుంచి తీసినది ఇచ్చి, “ఇది పెద్దది, ఇంకా మంచిది” అన్నాడు. మంచిదని నమ్మే అన్నాడు. లివరు ఎంత గట్టిగా ఉంటే బ్రేకు అంత బలమని ముప్పై ఏళ్లుగా అందరికీ చెబుతున్నాడు. ఆ మాటే నమ్మి మావిస్ కూడా ఆ ఒక్కదాన్నీ అనుమానించలేదు. నోరు మూసుకుంటే బండి ఇంకా తనకు దక్కవచ్చు. ఆ లెక్క కూడా వేశాడు. కానీ చేతిలో ఆమె పుస్తకం ఉంది.

“మావిస్, మాస్టర్ సిలిండర్ మార్చాక బ్రేకు ఎలా ఉందో రాయలేదే?”

“అప్పటికి పుస్తకం మొదలెట్టలేదు. లివరు గట్టిపడింది, బావుందనుకున్నా. ఏం?”

“అది నేనిచ్చిందే.”

“తెలుసులే, రసీదుంది.” అంటూనే ఆమె వంగి ఆ భాగం అడుగున అచ్చులో ఉన్న అంకె చూసింది. షెడ్డులోంచి పాతది తెచ్చి పక్కన పెట్టింది. పాతదానికి పద్నాలుగు, కొత్తదానికి పదిహేడు. లోపలి పిస్టన్ లావు అది, మిల్లీమీటర్లలో. కొంతసేపు రెండింటినీ వేళ్లతో తడుముతూ కూర్చుంది. తర్వాత లేచి, గొర్రెలకు మందు పట్టే లావు సిరంజి ఒకటి, టీకా వేసే సన్న సిరంజి ఒకటి తెచ్చి నీళ్లు నింపింది.

“మూతి నీ వేలితో మూసి పట్టుకో. జారనిచ్చావో, చూడు మరి.”

ముందు లావుదాన్ని బొటనవేలితో నొక్కింది. లెస్ వేలు కదలలేదు. నీళ్లూ కదలలేదు. తర్వాత సన్నదాన్ని అంతే బలంతో నొక్కింది. నీళ్లు అతని వేలిని తోసుకుని మొహం నిండా చిమ్మాయి.

“అదీ సంగతి,” అంది మావిస్, నవ్వు ఆపుకోకుండా. “ఒకే బొటనవేలు. సన్నదాంట్లో ఒత్తిడి ఎక్కువ. నువ్విచ్చిన లావుది రెండు డిస్కులకు ఆయిలు తొయ్యాల్సింది. నాకున్నది ఒక్కటి. గట్టిగా ఉన్నది బ్రేకు కాదు, నా చేతికి ఎదురు తిరిగే నీ సామాను.”

లెస్ మొహం తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల నుంచి రోజూ చూస్తున్న వస్తువు. తనకు ఎన్నడూ తట్టనిది ఈమె రెండు సిరంజిలతో తేల్చేసింది. సిగ్గుపడాల్సిందే, కానీ సంతోషమే ఎక్కువైంది. వెంటనే క్లేర్ వెళ్లి పాత సిలిండర్ కారకుండా కొత్త రబ్బర్లు తెచ్చాడు. మావిస్ వాటిని వేసి, పాతదాన్నే బండికి అమర్చి, ఆయిలులో మిగిలిన గాలి పైకి తేలిపోవడానికి లివరును తాడుతో హ్యాండిల్‌కి కట్టేసి, పొద్దున దాకా ముట్టుకోవద్దంది.

పొద్దున లెస్ పని లేకపోయినా వచ్చాడు. మావిస్ గ్రాంట్‌ని కూడా రప్పించింది. “నువ్వే లెక్కపెట్టు, నా లెక్క నమ్మవు కదా,” అని బండెక్కింది.

డబ్బా దగ్గర బండి ముక్కు వంచి టక్కున ఆగింది. గ్రాంట్ ఆమె వేసేంత అడుగులే వేస్తూ లెక్కపెట్టాడు. ఇరవై ఆరు. వెనక్కి వెళ్లి మళ్లీ వేశాడు. మళ్లీ ఇరవై ఆరే.

“అత్తయ్యా, రెండు వేళ్లతోనే నొక్కావా?” అన్నాడు.

“మిగతా వేళ్లు నీకు టాటా చెప్పడానికి దాచుకున్నా,” అని మావిస్ ఆ మలుపు వైపు బండి తిప్పింది. హైవే గీత దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, దాటి వెళ్లిపోయింది.

లెస్ ఖాళీ ట్రైలరుతో బయలుదేరాడు. ఊరు దాటాక రోడ్డు పక్కన ఆపాడు. ఒకే డిస్కు బండ్లున్న ఇంకెవరెవరికి అలాంటి సిలిండర్లు అమ్మాడో గుర్తు చేసుకున్నాడు. ఆరుగురు తేలారు. మొదటివాడికి ఫోన్ చేశాడు.

“నీ బండి లివరు ఎలా ఉంది?”

“రాయిలా ఉంది లెస్! భలే సామాను ఇచ్చావ్.”

“బండెక్కకు,” అన్నాడు లెస్. “నేనే వస్తున్నా.”