బ్రేకు లేని లారీ ముందర

పెళ్ళయి ఎనిమిది నెలలైనా గిద్యోను, కెరోలిన్ ఇద్దరే కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు. గిద్యోను బళ్ళారిలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. కెరోలిన్ బడిలో రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఆ ఏడు వానలు బాగా పడి సండూరు కొండలు పచ్చబడ్డాయని తెలిసి, ఒక శనివారం పొద్దున మోటారుసైకిలు బండి తీశారు. కెరోలిన్ వద్దనలేదు గాని, ఆమెకు ఆ దారంటే భయం. గనుల పని ఊపు మీదున్న రోజులవి. ఖనిజం నింపుకున్న లారీలు తెంపు లేకుండా కొండ దిగుతుండేవి. ఏ వారమూ ఎవరో ఒకరు చచ్చిపోయారన్న మాట వినకుండా గడిచేది కాదు.

కొండ ఎక్కబోయే ముందు, అడుగు మలుపుకు ఇవతలే ఒకచోట లారీలు బారుగా ఆగి ఉన్నాయి. పర్మిట్ కాగితాలు చూసే చోటు అది. డ్రైవర్లు కొందరు నీడన కూర్చుని సద్ది తింటున్నారు, కొందరు లారీల కిందే నిద్రపోతున్నారు. భీమక్క అనే నడివయసు మనిషి అక్కడ స్టవ్వు పెట్టుకుని టీ అమ్ముతోంది. ఇద్దరూ తలా ఒక టీ తాగి బయలుదేరారు.

పైన గంటసేపు కూర్చున్నారు. మబ్బులు కొండల నడుమ పాకుతున్నాయి. ఒక పక్క అడవి, ఇంకో పక్క ఎర్రగా కోసేసిన గుట్ట. కెరోలిన్ భయం కొంచెం సడలింది. మధ్యాహ్నం దిగడం మొదలుపెట్టారు.

రెండు మలుపులు దిగాక వెనక హారన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. దారి ఇమ్మని తొందర పెడుతున్నాడని గిద్యోను విసుక్కున్నాడు. కెరోలిన్ వెనక్కి తిరిగి చూసింది. నిండు లోడు లారీ. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి పక్కకు పొమ్మని ఊపుతున్నాడు. అతని నోరు తెరుచుకుని ఉంది. ఏదో అరుస్తున్నాడు. లారీ మలుపులో గోడను రాసుకుంటూ వచ్చింది, అయినా వేగం తగ్గలేదు.

"దానికి బ్రేకు లేదు," అంది కెరోలిన్. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

ఎడమ వైపు కొండను తొలిచి చేసిన కాస్త ఖాళీ జాగా కనిపించింది. గిద్యోను బండిని అటు తిప్పబోయాడు. అందులోకి దూరితే లారీ పక్కనుంచి వెళ్ళిపోతుంది. కెరోలిన్ అతని భుజం గట్టిగా పట్టుకుంది.

"నిలపొద్దండి. కింద మనుషులుండారు. పోనీండి."

ఒక్క క్షణం బండి అటూ ఇటూ కాకుండా ఊగింది. ఆ తర్వాత ముందుకు దూకింది.

ఆ తర్వాతి మలుపులు ఎలా దిగారో ఇద్దరికీ సరిగా గుర్తులేదు. రోడ్డు మీద రాలిన ఖనిజపు పొడిలో చక్రం రెండుసార్లు జారింది. కుడివైపు లోయ. కెరోలిన్ కళ్ళు మూసుకుంది. మూసుకుంటే హారన్ ఇంకా దగ్గరగా వినిపించింది. మళ్ళీ తెరిచింది. తెలిసిన ప్రార్థన ఒక్కటీ నోటికి రాలేదు.

అడుగు మలుపు తిరగ్గానే ఆగిన లారీలు కనిపించాయి. గిద్యోను హారన్ నొక్కిపట్టి కన్నడంలో అరిచాడు, "బ్రేక్ ఇల్ల! ఏళ్రి, ఏళ్రి!" బ్రేకు లేదు, లేవండి లేవండి అని.

ఒకరిద్దరు నవ్వారు. తాగి వచ్చాడనుకున్నారేమో. కాని భీమక్క పైకి చూసింది. గిన్నె వదిలేసి, పక్కనున్నవాళ్ళను తోసుకుంటూ, కొండకు ఎదురుగా రోడ్డు పక్కనున్న గట్టు మీదికి పరుగెత్తింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ లేచారు. వరసలో చివరి లారీ కింద మాత్రం ఒక మనిషి ఇంకా నిద్రలోనే ఉన్నాడు. బండి పూర్తిగా ఆగకముందే కెరోలిన్ దిగి, అతని కాళ్ళు పట్టి లాగింది. అతను బరువు. కదల్లేదు. గిద్యోను బండిని పడేసి వచ్చి రెండో కాలు పట్టుకున్నాడు. ఆ మనిషి తిట్టుకుంటూ లేచి, చప్పుడు విని తిట్టడం ఆపేశాడు. ముగ్గురూ అదే గట్టు ఎక్కారు.

లారీ మలుపు తిరిగింది. డ్రైవరు దాన్ని కొండకేసి నొక్కాడు. రాళ్ళు ఎగిరాయి. లారీ పక్కకు ఒరిగి, లోడు రోడ్డంతా పోసి, ఆగి ఉన్న చివరి లారీని గుద్ది ముందుకు తోసింది. ఆ మనిషి పరుచుకున్న గోనెపట్టా చక్రాల కింద చిక్కుకుంది. ఎర్రటి దుమ్ము లేచి కాసేపు ఎవరికి ఎవరూ కనబడలేదు.

డ్రైవరును క్యాబిన్ నుంచి బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది. పేరు మారెప్ప, దగ్గర్లోని బండ్రి అనే ఊరి మనిషి. కాలు విరిగింది. గిద్యోను చెక్కముక్కలు పెట్టి, కెరోలిన్ చున్నీతో కట్టు కట్టాడు. ముడి రెండుసార్లు వదులైతే మళ్ళీ బిగించాడు.

"ఎంతమంది పోయినారు?" అన్నాడు మారెప్ప, కళ్ళు తెరవకుండానే.

"ఎవురూ పోలేదప్పా," అంది భీమక్క.

అతను నమ్మలేదు. కెరోలిన్ వంగి అదే మాట ఇంకోసారి చెప్పాక ఏడవడం మొదలుపెట్టాడు.

అతన్ని జీపులో పంపాక, ఇద్దరూ ఒక రాయి మీద కూర్చున్నారు.

"నువ్వు లేకుంటే నేను ఆ జాగాలోకి దూరి నిలబడిపోయేవాణ్ణి," అన్నాడు గిద్యోను.

తనకూ ఆ జాగాలోకే దూరాలని ఉండిందని కెరోలిన్ చెప్పింది. వద్దన్న మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదంది. అతను నమ్మాడో లేదో ఆమెకు అర్థం కాలేదు.

నాలుగు గంటలకు ఖనిజాన్ని పక్కకు ఊడ్చి దారి తీశారు. ఆగిన లారీల ఇంజన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఇంటికి వేరే దారి లేదు. గిద్యోను బండి ఎక్కి, ఆమె ఎక్కేదాకా ఆగాడు. కెరోలిన్ ఎక్కి, రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుంది. సండూరు ఊరు చేరేదాకా వెనక ఏ హారన్ వినిపించినా అతను బండి పక్కకు తీసి నిలిపాడు. ఆ లారీ కనుమరుగయ్యాక గాని కదలలేదు. చీకటి పడకముందు చేరాల్సిన దారే, ఎంతకూ తరగలేదు.