లిఫ్టు పక్కన బెంచీ

తొమ్మిదో అంతస్తులో కాపురం ఉండేవాడికి లిఫ్టంటే ఒళ్ళు మండుతుంది. అందులో తప్పు లేదు. రమ్మన్నప్పుడు రాదు, వచ్చాక తిన్నగా దిగదు. ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపులు బార్లా తెరిచి, ఎవరూ లేని వరండాని కాసేపు తీరుబడిగా చూసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ మూసుకుంటుంది. పిల్లలు ఉన్న బటన్లన్నీ నొక్కేసి దిగిపోతారు. పెద్దవాళ్ళు పైకి వెళ్ళే బటనూ, కిందికి వెళ్ళే బటనూ రెండూ నొక్కుతారు, జీవితంలో ఎటు పోవాలో ఇంకా తేల్చుకోనట్టు.

ఇదంతా ఆయన అభిప్రాయం. ఆయనకు ఇలాంటివి చాలా ఉన్నాయి. సిగ్నల్ పచ్చబడకముందే హారన్ కొట్టేవాళ్ళ మీద ఒకటి. బస్సులో ఫోన్ స్పీకరు పెట్టి, పక్కింటావిడ ఆపరేషన్ సంగతులు అందరికీ వినిపించేవాళ్ళ మీద ఒకటి. బాల్కనీలో పావురాలకు గింజలు వేసే ఆరో అంతస్తు ఆవిడ మీద రెండు. అందుకే బిల్డింగులో అందరూ ఆయన్ని అభిప్రాయంగారు అంటారు. ఎదురుపడితే మాత్రం సార్ అంటారు.

ఆయన పనిచేసేది వాషింగ్ మెషీన్లు అమ్మే కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆయన రాసేది ఒక్కటే. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగానికి పంపించాం." ఆ సంబంధిత విభాగం ఎక్కడుందో కంపెనీలో ఎవరికీ తెలియదు. పగలంతా పక్కవాళ్ళ ఫిర్యాదులు మింగినవాడికి ఇంటికొచ్చాక సొంతవి కొన్ని బయటికి రావడం సహజమేగా. వాటిని ఇంటికొకరు చొప్పున ఉండే బిల్డింగు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. పెట్టి, నీలం టిక్కులు లెక్కపెట్టుకుంటూ భోజనానికి కూర్చునేవాడు.

భోజనం దగ్గర ఎదురుగా మామగారు కూర్చునేవారు.

మామగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ సిటీ బస్సు నడిపారు. అత్తగారు పోయాక కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. వచ్చిన కొత్తలో ఆయన నోట్లోంచి "ఊఁ" తప్ప ఇంకో ముక్క వచ్చేది కాదు. అన్నం కావాలా అంటే ఊఁ. వద్దా అంటే ఊఁ. కూతురు వంటింట్లో పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది. నాన్నకి వినపడకూడదనుకునేదేమో గాని, అభిప్రాయంగారికి కూడా వినపడేది. ఆయనకి ఏం చెయ్యాలో తెలిసేది కాదు. అందుకని ట్రాఫిక్ గురించి మాట్లాడేవాడు.

ఏడాది గడిచాక ఒకరోజు మామగారు ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగి, "ఆ పెట్రోలు బంకు దగ్గర కూడలి ఉంది చూశారూ, అక్కడ సిగ్నల్ పెట్టడమే తప్పండీ అల్లుడుగారూ" అన్నారు.

భార్య చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

ఆ తర్వాత ఇక రోజూ ఏదో ఒకటి. బస్సు మలుపు తిప్పేటప్పుడు ఆటోలవాళ్ళు ఎలా దూరతారు, ట్రాఫిక్ పోలీసులు చెట్టు నీడ చూసుకుని ఎలా నిలబడతారు, కావాలని ఎర్రలైటు దాటినవాణ్ణి వదిలేసి బ్రేకు పడక దాటినవాణ్ణి ఎలా పట్టుకుంటారు. చెప్తూ చెప్తూ ఒక్కోసారి తనలో తనే నవ్వుకునేవారు. మజ్జిగ రెండోసారి అడిగేవారు.

"చూశావా?" అన్నాడు అభిప్రాయంగారు భార్యతో. "రోజూ ట్రాఫిక్ మీద నేను మాట్లాడీ మాట్లాడీ ఆయన్ని మనిషిని చేశాను."

"మీ నోటి వల్ల ఒక మంచి జరగడం ఇదే మొదలండీ" అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుంటోంది కాబట్టి అది వెటకారమో కాదో ఆయనకు తేలలేదు.

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బావుండేది.

కింద లిఫ్టు పక్కన ఒక ఇనప బెంచీ ఉంది. ఒకరోజు పొద్దున్నే, లిఫ్టు ఏ అంతస్తులో ఉందో తల పైకెత్తి చూసుకుంటూ నడిచి, అభిప్రాయంగారు మోకాలి చిప్ప ఆ బెంచీకి కొట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఎవరూ చూడని దెబ్బ ఎంత నొప్పి పెడుతుందో తగిలినవాళ్ళకే తెలుసు.

అదే వారంలో ఆఫీసు పని మీద మధ్యాహ్నం అటువైపు వెళ్తుంటే, ఆయన ఎక్కిన క్యాబు సరిగ్గా తమ బిల్డింగు ముందే ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. కిటికీలోంచి చూస్తే గేటు లోపల ఆ బెంచీ కనిపించింది. దాని మీద ఇద్దరు ముసలాళ్ళు. ఒకాయన టోపీ పెట్టుకుని ఇటు తిరిగి కూర్చున్నాడు, ఎప్పుడూ చూడని మొహం. రెండో ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు నవ్వుతోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పని చేసుకునేవాళ్ళు ట్రాఫిక్‌లో మగ్గుతుంటే, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు తన మోకాలు పగలగొట్టిన బెంచీ మీద కూర్చుని ఇంత ఆనందంగా ఉండటం ఆయనకి అన్యాయమనిపించింది. ఫోన్ తీసి ఫొటో తీశాడు.

సాయంత్రం గ్రూపులో పెట్టాడు. "మన బిల్డింగు బెంచీ బయటివారి అడ్డాగా మారిన వైనం ఈ ఫొటోలో గమనించగలరు. నేడు కూర్చున్నవారు రేపు పడుకోరని నమ్మకమేమిటి? భద్రత దృష్ట్యా దీన్ని వెంటనే తొలగించవలసిందిగా నా అభిప్రాయం."

అంతకుముందు పావురాల గురించి పెడితే ఎవరూ పలకలేదు. లిఫ్టు గురించి పెడితే ఒకాయన పొరపాటున పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టాడు. ఈసారి మాత్రం వరసగా బొటనవేళ్ళు లేచాయి. ఒక్కరు కూడా కాదనలేదు. ఏకగ్రీవం. వారం తిరక్కుండా బెంచీని పీకి, డాబా మీద నీళ్ళ ట్యాంకు కింద పడేశారు. అది ఉన్నచోట ఒక ప్లాస్టిక్ మొక్క పెట్టారు. దానికి ఎవరూ నీళ్ళు పొయ్యక్కర్లేదు, దాని దగ్గర ఎవరూ కూర్చోరు. అభిప్రాయంగారు ఆ మొక్కను చూసి ఛాతీ విరుచుకున్నాడు. ఈ నగరంలో ఆయన మాట మీద కదిలిన మొదటి వస్తువు అది.

ఆ వారంలోనే మామగారు మళ్ళీ ఊఁ లోకి వెళ్ళిపోయారు.

మొదట పళ్ళు నొప్పేమో అనుకున్నారు. తర్వాత వినికిడేమో అనుకున్నారు. డాక్టరు అన్నీ చూసి, ఒంట్లో ఏమీ లేదన్నాడు. మజ్జిగ ఒకసారి కూడా అడగడం లేదు. మధ్యాహ్నం కుర్చీలో కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అలాగే. వంటింట్లో పంపు మళ్ళీ తిరగడం మొదలైంది.

"ఏవండీ, మీరు మళ్ళీ మాట్లాడి చూడండి" అంది భార్య. పెళ్ళయ్యాక ఆవిడ ఆయన్ని మాట్లాడమని అడగడం అదే మొదటిసారి.

ఆయన మాట్లాడాడు. హారన్ల మీద మాట్లాడాడు. పావురాల మీద మాట్లాడాడు. పెట్రోలు బంకు కూడలి ఎత్తి, "అక్కడ సిగ్నల్ ఉండాల్సిందే మామయ్యగారూ" అని కావాలని రెచ్చగొట్టాడు. మామగారు తలెత్తి చూశారు. ఒక్క క్షణం ఆ కళ్ళల్లో ఏదో వెలిగింది. ఎదురుగా ఉన్నది అల్లుడని చూసుకోగానే ఆరిపోయింది.

"ఊఁ."

ఆదివారం అభిప్రాయంగారు లిఫ్టు సంగతి మాట్లాడదామని బిల్డింగు సెక్రటరీ ఇంటికి వెళ్ళాడు. సెక్రటరీ లేచి నిలబడి మరీ చెయ్యి కలిపాడు.

"సార్, మీరు గొప్పోళ్ళు సార్. మా ఆవిడతో ఇప్పుడే అంటున్నా. ఇంకొకళ్ళయితే ఇంటి మనిషి కదా అని చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు."

"ఇంటి మనిషేంటండీ?"

"సొంత మామగారి ఫొటో పెట్టి మరీ రూలంటే రూలే అన్నారు చూడండీ! అది చూశాకే కదా ఎవరికీ నోరు పెగల్లేదు. ఆరో అంతస్తావిడ అప్పటికీ విడిగా నాతో అంది, పాపం పెద్దాయన రోజూ వచ్చి కూర్చుంటాడే అని. నేనే అన్నా, అమ్మా, అల్లుడికి లేని బాధ మనకెందుకని."

అభిప్రాయంగారు ఫోన్ తీశాడు. ఫొటో పెద్దది చేశాడు. ఆ వీపు మీద నీలం స్వెట్టరుంది. కుడి భుజం దగ్గర చిరిగినచోట ఎర్ర దారంతో కుట్టు ఉంది. నీలానికి ఎర్రదారం ఏంటని తన భార్యతో ఒక పూటంతా వాదించింది ఆయనే. ఇంట్లో మామగారి వీపు ఎప్పుడూ కుర్చీకి ఆనే ఉంటుంది. అది నవ్వితే ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు.

"ఆ బెంచీ మళ్ళీ పెట్టించండి" అన్నాడు.

"అదెలా సార్? ఏకగ్రీవంగా తీసేసింది ఏకగ్రీవంగానే పెట్టాలి. ఆ రూలు పెట్టించింది మీరే. వచ్చే ఆదివారం మీటింగులో అడగండి. లేకపోతే గ్రూపులో పెట్టండి."

గ్రూపులో పెట్టాడు. సెక్రటరీ దగ్గర్నుంచి నిమిషంలో జవాబొచ్చింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది." సెక్రటరీ వాషింగ్ మెషీను చెడిపోయినప్పుడు ఆయనకు అభిప్రాయంగారే పంపిన వాక్యాలవి. వాటి అర్థం ఈ భూమ్మీద అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

టోపీ ఆయన ఎవరని కింద సెక్యూరిటీని అడిగాడు. "ఒకసారి వచ్చారు సార్. మొక్కని చూశారు. డ్రైవరుగారికి ఒంట్లో బావుందా అని అడిగారు. బావుందన్నా. మరి కూర్చోడానికి లేదేం అన్నారు. లేదన్నా. కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఎటో చూడలేదు సార్."

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మామగారు కుర్చీలోంచి లేచారు.

"అల్లుడుగారూ, మీతో చిన్న పని పడింది."

భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"కింద ఒక బెంచీ ఉండేదండీ. ఎవడో తీయించాడు. రోజూ మధ్యాహ్నం మేమిద్దరం అక్కడ కూర్చునేవాళ్ళం. ఆయన ట్రాఫిక్ కానిస్టేబులు చేసి రిటైరయ్యాడు. పెట్రోలు బంకు కూడలి డ్యూటీ. నేను ఆ కూడల్లోనే జీవితమంతా బస్సు తిప్పాను. తప్పు నాదంటాడు, కాదు నీదే అంటాను. తేలేది కాదు." మామగారు నవ్వబోయి, ఆగారు. "మీ అత్తయ్య పోయాక నాతో పోట్లాడిన మనిషి ఆయనొక్కడే."

"ఆయన పేరేంటి నాన్నా? ఎక్కడుంటారు?" అంది కూతురు.

"అడగలేదమ్మా. నేను డ్రైవరుగారు, ఆయన కానిస్టేబులుగారు. రోజూ కనిపించే మనిషికి అడ్రసెందుకు? ఆ బెంచీయే మా అడ్రసు." అల్లుడి వైపు తిరిగారు. "మీరు రాస్తే గట్టిగా ఉంటుందని బిల్డింగంతా చెప్పుకుంటారు. ఆ తీయించినవాడెవడో, వాడికి తగిలేలా ఒక కాగితం రాసిపెట్టండి. వాడి ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అని అడగండి. ఉంటే వాళ్ళ ముందు కూర్చుని అన్నమెలా తింటున్నాడో అడగండి. ఆదివారం మీటింగులో మీరు చదవండి, నేను పక్కన నిలబడతాను."

చెప్పి, "కాసిని మజ్జిగ ఇయ్యమ్మా" అన్నారు.

కూతురు పెరుగ్గిన్నె తీసుకోబోతూ వెనక్కి తిరిగి మొగుడికి రెండు చేతులూ జోడించింది. "ఏవండీ, ఎంత గట్టిగా రాస్తారో రాయండి. నాన్న మాట్లాడుతున్నారు. మీకు పుణ్యముంటుంది."

ఆయన రాశాడు. ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే. రోజూ సాయంత్రం మామగారు పక్కన కూర్చుని, "ఇక్కడింకా మెత్తగా ఉందండీ, వాణ్ణి ఇంకాస్త తిట్టండి" అనేవారు. ఆయన తిట్టేవాడు. మామగారు మజ్జిగ రెండోసారి అడిగేవారు. భార్య ఆయనకి చాలా ఏళ్ళ తర్వాత అడక్కుండానే టీ పెట్టి ఇచ్చింది. రోజూ అనుకునేవాడు, ఇప్పుడు చెప్పేద్దామని. నోరు తెరిచేవాడు. "ఊఁ" అని వచ్చేది.

ఈ రోజు ఆదివారం. మామగారు నీలం స్వెట్టరు వేసుకుని, నున్నగా దువ్వుకుని తయారయ్యారు. కూతురు కూడా వస్తానంది. కాగితం అల్లుడి జేబులో ఉంది. కింద మీటింగులో ఉన్నవాళ్ళందరి ఫోన్లలోనూ ఆ ఫొటో ఉంది. కాగితం మొదటి ముక్క చదవగానే ఎవరో ఒకరు నవ్వుతారు. ఎవరూ నవ్వకపోతే సెక్రటరీ లేచి, మీరు పెట్టిందే కద సార్ అంటాడు. అప్పుడు పెద్దాయన అల్లుడి మొహం వైపు తిరుగుతారు. ఆ తర్వాత ఆ నోట్లోంచి ఊఁ అన్నా వస్తుందో రాదో.

ముందే చెప్పేస్తే? ఈ కాస్త మాటా ఇక్కడే ఆగిపోతుంది. ఒంట్లో బాలేదని పడుకుంటే? పెద్దాయన కాగితం తీసుకుని తనే వెళ్తానంటారు. చదవకుండా ఊరుకుంటే బెంచీ రాదు. బెంచీ రాకపోతే ఆ టోపీ ఆయన ఇంత పెద్ద ఊళ్ళో మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు?

లిఫ్టు వచ్చింది. ముగ్గురూ ఎక్కారు. ఎవరో పిల్లలు బటన్లన్నీ నొక్కేసి ఉంచారు. ఎనిమిదిలో ఆగింది. తలుపులు తెరుచుకుని ఖాళీ వరండాని తీరుబడిగా చూసింది. ఏడులో ఆగింది. అభిప్రాయంగారు ఆ పిల్లల్ని కడుపారా దీవించాడు.

"దరిద్రపు లిఫ్టు" అన్నారు మామగారు హుషారుగా. "దీని మీద కూడా ఒకటి రాయాలండీ అల్లుడుగారూ."

అయ్యా, అమ్మా, ఇది చదువుతున్నవాళ్ళలో పెద్దవాళ్ళుంటారు, అల్లుళ్ళుంటారు, ఇలాంటి గండం గడిచి బయటపడ్డవాళ్ళు ఒకళ్ళయినా ఉండకపోరు. ఆయనకి ఏమీ తోచడం లేదు. చెప్తున్న నాకూ తోచడం లేదు. చదవమంటారా, చించెయ్యమంటారా, ఇక్కడే ఆ పెద్దాయన కాళ్ళ మీద పడమంటారా? మీ కాళ్ళు పట్టుకుంటాను, ఏదో ఒకటి చెప్పండి. కాస్త తొందరగా చెప్పండి. ఆరు కూడా దాటింది.